తాత పుట్టిన తేదీ ఏ ఆఫీసు బీరువాలో ఉంది? చిత్తూరు, తిరుపతి వాళ్లకు పాత జనన, మరణ, పెళ్లి రికార్డులు వెతికే దారి

మా చిన్నాన్న కొడుకు డాలస్‌లో ఉంటాడు. పోయిన సంక్రాంతికి ఫోన్ చేసి, "అన్నా, వంశవృక్షం తయారు చేస్తా ఉండా, జేజినాయన బర్త్ సర్టిఫికెట్ ఒకటి తీసి వాట్సాప్‌లో పెట్టు, ఇప్పుడంతా ఆన్‌లైనే కదా" అన్నాడు. జేజినాయన, అంటే మా తాత, పుట్టింది సుమారు 1910లో. ఆన్‌లైన్ సంగతి తర్వాత, ఆయన పుట్టేనాటికి చిత్తూరు జిల్లానే లేదు. మా తమ్ముడికి ఆ మాట చెప్తే నమ్మలేదు.

ఆ ఫోన్ తర్వాత సెలవు దొరికినప్పుడల్లా ఆఫీసుల చుట్టూ తిరిగాను. కొన్ని దొరికాయి, కొన్ని దొరకలేదు, కొన్నిటికి అసలు తప్పు ఊళ్లో వెతికి మూడు రోజులు పాడు చేసుకున్నాను. మీరు ఆ మూడు రోజులు పాడు చేసుకోకుండా ఇది రాస్తున్నాను.

ఒక్క సంగతి మాత్రం ఇప్పుడే బుర్రలో పెట్టుకోండి. పాత రికార్డుల్లో మనుషులు పేరు మీద ఉండరు, ఊరు మీద, ఏడాది మీద ఉంటారు. "మా తాత పేరు ఇదీ, చూడండి సార్" అంటే ఏ గుమస్తా అయినా తల అడ్డంగా ఊపుతాడు, ఆయన తప్పేం లేదు. "ఫలానా ఊరు, 1946 నుంచి 48 దాకా, తండ్రి పేరు ఇదీ" అంటే లేచి వెళ్లి బీరువా తెరుస్తాడు. కాబట్టి పనిలో సగం ఇంట్లోనే చేసుకుని బయల్దేరాలి.

మొదట ఏడాది తేల్చుకోండి

ఇంట్లో పెద్దవాళ్లను "అవ్వా, నాన్న ఎప్పుడు పుట్టాడు?" అని అడిగితే సమాధానం రాదు. "నాన్న పుట్టినప్పుడు ఏం జరుగుతా ఉండేది?" అని అడగండి, వస్తుంది. మా అవ్వ లెక్క ప్రకారం పక్కింటి పెద్దాయన "కొండకు బస్సుల దారి వేసిన ఏడు" పుట్టాడు. తిరుమల మొదటి ఘాట్ రోడ్డు తెరిచింది 1944 ఏప్రిల్‌లో. "గాంధీ పోయిన తర్వాత నాలుగు నెలలకు" అన్నారంటే 1948 మే, జూన్. ఇలాంటి గుర్తులు ప్రతి ఇంట్లో రెండు మూడు ఉంటాయి, ముసలాళ్లు బతికుండగానే రాసుకోండి.

తెలుగు సంవత్సరం పేరు చెప్తే ఇంకా మంచిది. తారణ అంటే 1944-45, సర్వజిత్తు 1947-48, నందన 1952-53. అరవై ఏళ్ల తేడాలో అదే పేరు మళ్లీ వస్తుంది కాబట్టి తరాన్ని బట్టి సరిచూసుకోవాలి. మన జిల్లాలో ఇంకో చిక్కు ఉంది, నగరి, పుత్తూరు, సత్యవేడు వైపు చాలా ఇళ్లల్లో నెలలు అరవ లెక్కలో చెప్తారు. "ఆడి నెలలో పుట్టాడు" అంటే జులై నడుమ నుంచి ఆగస్టు నడుమ దాకా. దాన్ని ఆషాఢం అనుకుని లెక్క కడితే కొన్నేళ్లలో దాదాపు నెల తేడా వస్తుంది.

భూమి కాగితాల్లో ఫసలీ (రెవెన్యూ లెక్కల సంవత్సరం) కనిపిస్తే భయపడకండి, దానికి 590 కలపడమే. ఫసలీ 1357 అంటే 1947 జులై నుంచి 1948 జూన్ దాకా.

ఇక బడి సర్టిఫికెట్. మా నాన్న తరంలో బోలెడు మంది జులై 1న పుట్టారు! ఊళ్లో పంతులుగారు పిల్లోడి ఒడ్డూ పొడుగూ చూసి, ఒకటో తరగతికి సరిపోయే వయసు వేసి, గుర్తుండే తేదీ ఒకటి రాసేసేవారు. టీసీలోని తేదీని ఆధారం అనుకోకండి, అటూ ఇటూ రెండు మూడేళ్ల దాకా వెతకడానికి మొదటి అంచనాగా మాత్రం తీసుకోండి.

తర్వాత ఊరు, చాలామంది తప్పేది ఇక్కడే

జననమైనా మరణమైనా ఎక్కడ జరిగితే అక్కడి పుస్తకంలో ఎక్కుతుంది. సొంతూరు ఏదైనా సరే. ఈ ఒక్క ముక్క తెలియక నేను మా నాన్న కోసం మా ఊరి రికార్డులో మూడు రోజులు వెతికించాను. నాలుగో రోజు మా అత్త ఫోన్‌లో, "ఏమబ్బా, తొలి కాన్పులన్నీ పుట్టింట్లోనే కదా" అంది. తల గోడకు కొట్టుకోవాలనిపించింది. మా అవ్వ పుట్టిల్లు పన్నెండు మైళ్ల అవతల, వేరే తాలూకా.

కాబట్టి పెద్ద పిల్లల జననాలకు ముందు అమ్మమ్మగారి ఊరు చూడండి. మూడో కాన్పు, నాలుగో కాన్పు అంటే అత్తగారి ఊరు అయ్యే అవకాశం ఎక్కువ.

ఆసుపత్రి కాన్పులైతే లెక్క మళ్లీ మారుతుంది. చిత్తూరు, పలమనేరు, గుడిపాల వైపు వాళ్లకు కాస్త కష్టమైన కాన్పు అంటే వేలూరు సీఎంసీయే. అక్కడ పుట్టినా, అక్కడ పోయినా నమోదు తమిళనాడులో, వేలూరు నగరపాలక సంస్థలో ఉంటుంది. చిత్తూరులో వెతికితే వందేళ్లకూ దొరకదు. మద్రాసు ఎగ్మోర్ ఆసుపత్రి అయితే చెన్నై కార్పొరేషన్. తిరుపతి రుయాలోనో, మెటర్నిటీ ఆసుపత్రిలోనో అయితే తిరుపతి నగరపాలక సంస్థ. టీబీ వచ్చి మదనపల్లె ఆరోగ్యవరం శానటోరియంలో పోయిన పెద్దవాళ్లు చాలా ఇళ్లల్లో ఉంటారు, ఆ మరణం మదనపల్లె వైపు రికార్డులో చూడాలి.

ఆ ఊరు అప్పుడు ఎవరి కింద, ఇప్పుడు ఎవరి కింద?

ఒక కాగితం మీద మీ ఊరి పేరు రాసి, దాని కింద ఆ ఊరు ఏ ఏ తాలూకాల్లో, జిల్లాల్లో ఉంటూ వచ్చిందో వరసగా రాసుకోండి. అర్జీలో ఈ పాత పేర్లే పని చేస్తాయి.

చిత్తూరు జిల్లా పుట్టింది 1911 ఏప్రిల్ 1న. అంతకుముందు చిత్తూరు, చంద్రగిరి, పలమనేరు ప్రాంతం ఉత్తర ఆర్కాటు జిల్లాలో ఉండేది, ఆ జిల్లాకు ముఖ్య పట్టణం చిత్తూరే. మదనపల్లె, వాయల్పాడు కడప జిల్లాలో ఉండేవి. శ్రీకాళహస్తి, పుంగనూరు, కార్వేటినగరం జమీందారీలు. 1953 దాకా అంతా మద్రాసు కిందే. 1960 ఏప్రిల్ 1న తిరుత్తణి తాలూకా, పళ్లిపట్టు అటు మద్రాసు రాష్ట్రానికి వెళ్లాయి, సత్యవేడు వైపు ఊళ్లు చెంగల్పట్టు జిల్లా నుంచి ఇటు వచ్చాయి. ఆ సరిహద్దు ఊళ్ల వాళ్లకు 1960కి ముందు సంగతి కావాలంటే రెండు రాష్ట్రాల్లోనూ అడగాల్సి రావచ్చు, ముందు తాలూకా ఎటు పోయిందో అటు అడగండి.

తర్వాత 1985లో మండలాలొచ్చి తాలూకాలు పోయాయి. 2022 ఏప్రిల్ 4న జిల్లా మళ్లీ చీలి తిరుపతి జిల్లా ఏర్పడింది, నెల్లూరు నుంచి గూడూరు, సూళ్లూరుపేట, వెంకటగిరి వైపు ఊళ్లు ఇందులో కలిశాయి, మదనపల్లె, పీలేరు అన్నమయ్య జిల్లాకు వెళ్లాయి. ఊళ్లు కదల్లేదు, వాటి మీది బోర్డులే మారుతూ వచ్చాయి. బోర్డు మారినప్పుడల్లా పుస్తకాలు కూడా కొత్త ఆఫీసుకు బుద్ధిగా నడిచి వెళ్లాయని మాత్రం అనుకోవద్దు.

పుస్తకం ఎవరి దగ్గర ఉంటుంది

మన వైపు పాత నమోదు 1899 నాటి మద్రాసు చట్టం కింద జరిగేది. ఊళ్లో జనన మరణాల పుస్తకం గ్రామ మునసబు రాసేవాడు, భూమి లెక్కలు కరణం చూసేవాడు. తలారి వచ్చి "ఫలానా ఇంట్లో మగబిడ్డ" అని చెప్తే మునసబు పుస్తకంలో ఎక్కించేవాడు. చెప్పినవాళ్ల గడిలో చాలాచోట్ల తలారి వేలిముద్రే ఉంటుంది. తలారి చెప్పడం మరచిపోతే ఆ బిడ్డ లేనట్టే! 1984 జనవరిలో ఎన్‌టీఆర్ ప్రభుత్వం మునసబు, కరణం ఉద్యోగాలు రద్దు చేసింది. ఆ సమయంలో కొందరు పుస్తకాలు అప్పజెప్పారు, కొందరివి ఇంటి అటకమీదే ఉండిపోయాయి. మీ ఊరి పాత మునసబు కుటుంబం ఇంకా అక్కడే ఉంటే ఒకసారి మర్యాదగా పలకరించి రండి, ఇది వేళాకోళం కాదు.

ఇప్పుడు దేశమంతా 1969 నాటి జనన మరణాల నమోదు చట్టం నడుస్తోంది. పల్లెల్లో పంచాయతీ కార్యదర్శి, పట్టణాల్లో మున్సిపాలిటీ నమోదు చేస్తారు. 2019 నుంచి గ్రామ, వార్డు సచివాలయాలు వచ్చాయి కాబట్టి అర్జీ అక్కడ ఇవ్వొచ్చు. కానీ పాత పుస్తకం అక్కడ ఉండదు. పల్లెల పాత రిజిస్టర్ల కోసం చివరికి వెళ్లాల్సింది తహశీల్దార్ ఆఫీసు రికార్డు రూముకే. పట్టణాలైతే మున్సిపల్ ఆఫీసులోని జనన మరణాల విభాగం. తిరుపతి 1886లోనే మున్సిపాలిటీ అయింది, కాబట్టి పాత పట్టణంలో పుట్టినవాళ్ల కోసం పల్లె రికార్డుల దారి పట్టక్కర్లేదు. ఇప్పుడు నగరంలో కలిసిన ఊళ్లు మాత్రం ఆ రోజుల్లో పంచాయతీలే, వాటికి పల్లె దారే.

ఒక మాట ధైర్యంగా అడగండి. జనన మరణ రిజిస్టర్లు శాశ్వత రికార్డులు, నాశనం చేయడానికి వీల్లేదని నిబంధనల్లోనే ఉంది. "పాతవి తీసేశాం సార్" అని ఎవరైనా తేలిగ్గా అంటే ఆ మాట రాసివ్వమనండి. ఒక ఆఫీసులో నాకు "మీ ఊరి పుస్తకాలు వానకు తడిసిపోయాయి" అన్నారు. రాసివ్వమన్నాను. రెండు వారాల తర్వాత వెళ్తే పొడిగానే దొరికాయి.

అర్జీ ఎలా రాయాలి

చట్టంలో మనకు పనికొచ్చేది సెక్షన్ 17. ఎవరైనా సరే, ఫీజు కట్టి, జనన మరణ రిజిస్టరులో ఒక నమోదును రిజిస్ట్రారుతో వెతికించుకోవచ్చు, దాని నకలు పొందవచ్చు. "ఎవరైనా" అనే ఉంది, "వారసులు మాత్రమే" అని లేదు. ఒక్క పరిమితి ఉంది, మరణం నకలులో మరణ కారణం ఇవ్వరు. అలాగే వెతకడం రిజిస్ట్రారు పని, పుస్తకం మన చేతికిచ్చి తిప్పుకోమనే హక్కు ఇందులో లేదు. చేతికిచ్చారంటే అది ఆయన మంచితనం.

చట్టం అలా ఉన్నా కౌంటర్ దగ్గర మీ ఆధార్ అడుగుతారు, మీకేమవుతాడు అని అడుగుతారు. వాదించకండి. మీ ఆధార్, మీ నాన్న పేరున్న మీ టీసీ, ఆయన పేరున్న రేషన్ కార్డో పట్టాదారు పుస్తకమో జత చేస్తే పది నిమిషాల్లో పని ముందుకు కదులుతుంది. హక్కు గురించి ఉపన్యాసం ఇచ్చిన రోజు నేను సాయంత్రం దాకా కూర్చున్నాను.

నేను వాడిన అర్జీ ఇంచుమించు ఇది, మీ వివరాలు నింపుకోండి:

"అయ్యా, పూర్వపు ఫలానా తాలూకా, ప్రస్తుత ఫలానా మండలం, ఫలానా గ్రామానికి చెందిన జనన రిజిస్టరులో 1946 జనవరి నుంచి 1948 డిసెంబరు వరకు, తండ్రి పేరు ఫలానా, తల్లి పేరు ఫలానాగా నమోదైన మగశిశువు జననాన్ని వెతికించి, జనన మరణాల నమోదు చట్టం 1969, సెక్షన్ 17 ప్రకారం ధ్రువీకరించిన నకలు ఇప్పించగలరు. నమోదు దొరకని పక్షంలో, వెతికిన సంవత్సరాలు పేర్కొంటూ నాన్ అవైలబిలిటీ సర్టిఫికెట్ ఇప్పించగలరు. ఇది కుటుంబ చరిత్ర కోసం, ఆలస్య నమోదు కోసం కాదు."

ఇందులో బిడ్డ పేరు రాయలేదు, గమనించారా? పాత రిజిస్టర్లలో చాలావరకు బిడ్డ పేరు గడి ఖాళీ. పేరు పెట్టేది పురుడు పోసుకున్నాక, తలారి కబురు చెప్పేది కాన్పైన నాలుగైదు రోజులకు. "మగశిశువు" అనో "ఆడశిశువు" అనో ఉంటుంది, అంతే. తండ్రి పేరు, ఊరు, తేదీ కలిస్తేనే మనవాడు.

చివరి వాక్యం కూడా కావాలనే పెట్టాను. పాత జననం అనగానే ఆఫీసులో అందరి బుర్ర ఆలస్య నమోదు వైపు వెళ్తుంది, ఏడాది దాటింది కాబట్టి ఆర్డీవో ఉత్తర్వు తెండి, అఫిడవిట్ తెండి అంటారు. అది నమోదే కాని జననాన్ని ఇప్పుడు కొత్తగా ఎక్కించే దారి. మీకు కావలసింది అప్పుడే ఎక్కిన దాని నకలు. రెండూ కలిపేస్తే ఆరు నెలలు పోతాయి.

అర్జీ రెండు కాపీలు తీసుకెళ్లి ఒకదాని మీద ముద్ర, తేదీ వేయించుకోండి. వెతికే ఏళ్లు మూడు నాలుగుకు మించి రాయకండి, దొరక్కపోతే ఇంకో అర్జీ ఇస్తే సరి. వీలుంటే జీతాల రోజులు, వీడియో కాన్ఫరెన్సుల రోజులు వదిలేసి మధ్యాహ్నం భోజనాలయ్యాక వెళ్లండి.

పుస్తకం తెరిచాక

నేను చూసిన రికార్డు రూము కిటికీలేని గది. ఇనప అరల మీద ఎర్రగుడ్డ దఫ్తరాలు, గుడ్డ విప్పితే ముందు చెదల మట్టి రాలుతుంది, ఆ తర్వాతే అక్షరాలు. రికార్డు అసిస్టెంటు రిటైర్ కాబోతున్న పెద్దాయన, పేజీ తిప్పే ముందు వేలు తడి చేసుకోకుండా పక్క నుంచి అరచేత్తో లేపుతున్నాడు, ఎందుకని అడిగితే "తడి తగిలితే మూల ఊడొస్తుంది నాయనా" అన్నాడు.

రాత గొలుసుకట్టు. ఒక అక్షరం తోక ఇంకో అక్షరం నెత్తిన ఎక్కి ఉంటుంది. మొదటి పేజీలో ఒక్క ముక్క అర్థం కాలేదు. పెద్దాయన ఒక కిటుకు చెప్పాడు, ముందు మీకు తెలిసిన ఊరి పేరు, కులం గడి, నెల పేరు వెతుక్కోండి, ఆ మునసబు "మ" ఎలా రాస్తాడో, "ర" ఎలా రాస్తాడో పట్టుబడుతుంది, ఆ తర్వాత పేర్లు వాటంతట అవే చదువుకొస్తాయి. నిజంగానే అరగంటలో కళ్లు అలవాటు పడ్డాయి. సరిహద్దు ఊళ్ల పుస్తకాల్లో అరవం కూడా వస్తుంది, అరవం చదివే వాళ్లను ఒకరిని వెంట తీసుకెళ్తే మంచిది.

ఇంటిపేరు దొరక్కపోతే కంగారు పడకండి. మన జిల్లాలో చాలా ఇళ్లకు రికార్డులో ఇంటిపేరే ఉండదు, అరవ పద్ధతిలో తండ్రి పేరు మొదటి అక్షరమే ముందు ఉంటుంది. తరం మారితే ఆ అక్షరమూ మారుతుంది. ఒకే కుటుంబాన్ని ఇంటిపేరుతో ముడిపెట్టి వెతికితే జారిపోతుంది, తండ్రి పేరు పట్టుకునే మెట్టు మెట్టుగా వెనక్కి వెళ్లాలి.

ఇప్పుడు మా నాన్న సంగతి. ఆయన అమ్మమ్మగారి ఊరి పుస్తకంలో 1944లో ఒక నమోదు దొరికింది. తండ్రి పేరు సరిపోయింది, తల్లి పేరు సరిపోయింది, ఎవరో తర్వాత సన్నటి పెన్నుతో బిడ్డ పేరు కూడా ఎక్కించారు, అది మా నాన్న పేరే. ఎగిరి గంతేశాను, ఆయన వయసు మేమనుకున్నదానికంటే మూడేళ్లు ఎక్కువన్నమాట అనుకున్నాను. పెద్దాయన మాత్రం పుస్తకం మూయలేదు. "మరణాలది కూడా చూద్దాం, ఆ కాలంలో ఇది మామూలే" అని పక్క దఫ్తరం విప్పాడు. 1945 ఆఖర్లో అదే తండ్రి పేరు, "మగ, వయసు ఏడాదిన్నర, జ్వరం." 1947లో మళ్లీ జననం. పోయిన బిడ్డ పేరే తర్వాతి బిడ్డకు పెట్టారు. మా నాన్నకు ఒక అన్న ఉండేవాడని మా ఇంట్లో బతికున్న ఒక్కరికీ తెలియదు.

అందుకే జననం దొరకగానే ఆగకండి. తర్వాతి అయిదేళ్ల మరణ రిజిస్టరు కూడా వెతికించండి. పేర్లు తాతల నుంచి మనవలకు, పోయినవాళ్ల నుంచి పుట్టినవాళ్లకు తిరుగుతూ ఉండే ఇళ్లల్లో ఇది తప్పనిసరి.

మరణాల పుస్తకంలో కారణం దగ్గర సగానికి సగం "జ్వరం" అనే ఉంటుంది. మునసబు డాక్టరు కాదు కదా. దాన్ని బట్టి వైద్య చరిత్ర రాసుకోకండి.

పెళ్లిళ్లు

ఇక్కడ నిరాశ ముందే చెప్పేస్తాను. తాతల తరం హిందూ పెళ్లిళ్లు చాలావరకు ప్రభుత్వ రికార్డులో లేవు. 1955 హిందూ వివాహ చట్టంలో రిజిస్ట్రేషన్ ఉన్నా ఎవరూ పట్టించుకోలేదు, ఆంధ్రప్రదేశ్‌లో తప్పనిసరి నమోదు చట్టం వచ్చింది 2002లో. ఆ మధ్యకాలంలో నమోదైన పెళ్లి ఉంటే, పెళ్లి జరిగిన చోటి సబ్ రిజిస్ట్రార్ ఆఫీసులో చూడాలి. తిరుచానూరులోనో శ్రీనివాసమంగాపురంలోనో పెళ్లి చేసుకున్నవాళ్ల కోసం సొంతూరి ఆఫీసులో వెతక్కండి. హిందూ వివాహ రిజిస్టరు, ప్రత్యేక వివాహ చట్టం కింద ఉన్న పుస్తకం, ఈ రెండూ ఎవరైనా చూడొచ్చని చట్టాల్లోనే ఉంది. జనన మరణాల పుస్తకం కంటే ఇవి ఎక్కువ తెరిచి ఉన్నాయన్నమాట. క్రైస్తవ కుటుంబాలకు చర్చి రిజిస్టర్లు, ముస్లిం కుటుంబాలకు ఖాజీ దగ్గరి నిఖా పుస్తకాలు, చాలాసార్లు సర్కారు రికార్డు కంటే ఇవే పాతవి, ఇవే శుభ్రంగా ఉంటాయి.

మిగతావాళ్లకు నా సలహా చదివింపుల పుస్తకం. పెళ్లిలో ఎవరు ఎంత చదివించారో రాసిన నోటుబుక్కు మా ఇంట్లో గోధుమరంగు అట్టతో బియ్యం డ్రమ్ము వెనక దొరికింది. "అయిదు రూపాయలు" అని రాసి, పేరు రాసి, పక్కన ఊరు, అక్కడక్కడా వరస. ఏ ఊళ్లో మనకు ఎవరున్నారో అంతకంటే మంచి పటం లేదు. ఆ ఊళ్ల పేర్ల వల్లే ఇంకో రెండు కాన్పులు ఎక్కడ జరిగాయో పట్టుకోగలిగాను.

ఇంకోటి, పసుపు కుంకుమ కింద కూతురికి ఎకరమో అరెకరమో రాసిచ్చి ఉంటే ఆ పత్రం పెళ్లి రికార్డుతో సమానం. తండ్రి పేరు, భర్త పేరు, ఊళ్లు అన్నీ అందులో ఉంటాయి.

పుస్తకం దొరక్కపోతే భూమిని పట్టుకోండి

పుట్టిన తేదీ ఎవరూ రాసుకోకపోయినా భూమి తగాదా పడిన వాళ్లు మాత్రం అన్నీ రాయించుకున్నారు. అన్నదమ్ములు వేరుపడ్డప్పటి భాగపరిష్కార పత్రంలో ఎవరు ఎవరి కొడుకో, వయసెంతో, ఎవరు చనిపోయారో, మైనర్ల తరఫున ఎవరు సంతకం పెట్టారో అంతా ఉంటుంది. రిజిస్ట్రేషన్ చట్టం 1908 ప్రకారం భూముల పత్రాలుండే ఒకటో పుస్తకాన్ని, దాని సూచికను ఫీజు కట్టి ఎవరైనా చూడొచ్చు, నకలు తీసుకోవచ్చు. వీలునామాలు మూడో పుస్తకంలో ఉంటాయి, రాసినవాళ్లు చనిపోయాక ఎవరు అడిగినా నకలు ఇస్తారు.

ఈసీ, అంటే ఒక భూమి మీద రిజిస్టరైన పత్రాల జాబితా, ఆన్‌లైన్‌లో 1983 నుంచి వస్తుంది. అంతకుముందువి సబ్ రిజిస్ట్రార్ ఆఫీసులో చేత్తో వెతికించాలి. సర్వే నంబరు తెలిస్తే పని తేలిక, ఆ నంబరు కోసం తహశీల్దార్ దగ్గర పాత అడంగల్, ఆర్‌ఎస్‌ఆర్ (రీసెటిల్‌మెంట్ రిజిస్టరు) చూడండి. జమీందారీ ఊళ్లకు పట్టాలు 1948 నాటి ఎస్టేట్ల రద్దు చట్టం తర్వాత మొదలవుతాయి, శ్రీకాళహస్తి, పుంగనూరు వైపు వాళ్లు ఆ సెటిల్‌మెంట్ కాగితాలు అడగాలి.

జనాభా లెక్కల కాగితాల ఆశ మాత్రం పెట్టుకోకండి. అమెరికాలో 72 ఏళ్లు దాటితే ఇంటింటి వివరాలు బయటపెడతారని మా తమ్ముడు మురిసిపోతూ చెప్పాడు. మన దగ్గర 1948 సెన్సస్ చట్టం సెక్షన్ 15 ప్రకారం ఆ వివరాలు ఎవరికీ చూపించరు, ఎన్నేళ్లైనా సరే.

ఆర్‌టీఐ ఎక్కడ పనికొస్తుంది

సర్టిఫికెట్ కోసం ఆర్‌టీఐ పెట్టకండి, వ్యక్తిగత సమాచారం అని తిప్పి పంపుతారు. దాన్ని ఇలా వాడండి: "ఫలానా గ్రామానికి సంబంధించి మీ ఆఫీసులో ఏ ఏ సంవత్సరాల జనన, మరణ రిజిస్టర్లు ఉన్నాయి? లేని సంవత్సరాలవి ఏ ఆఫీసుకు, ఏ తేదీన అప్పగించారు?" ఇందులో ఎవరి వ్యక్తిగత సంగతీ లేదు, తప్పించుకోవడం కష్టం. మన రాష్ట్రంలో గ్రామ స్థాయిలో ఫీజు లేదు, మండల స్థాయిలో 5 రూపాయలు, ఆపైన 10. 30 రోజుల్లో జవాబు రావాలి, రాకపోతే మొదటి అప్పీలు. ఆ జవాబు చేతిలో పట్టుకుని వెళ్తే "మా దగ్గర లేవు" అనే మాట మళ్లీ వినపడదు.

1911 దాటి వెనక్కి

ఉత్తర ఆర్కాటు కాలం నాటి జిల్లా కాగితాలకు చెన్నై ఎగ్మోర్‌లోని తమిళనాడు ఆర్కైవ్స్ వెళ్లాలి. అక్కడ తాత పేరు దొరుకుతుందని కాదు, ఊరి సెటిల్‌మెంట్, జమీందారీ వ్యవహారాలు దొరుకుతాయి. ముందే ఉత్తరం రాసి అనుమతి తీసుకుని వెళ్లండి.

ఇటు నుంచి నాటాల్ (దక్షిణాఫ్రికా), మారిషస్, ఫిజీ కూలికి వెళ్లిన వాళ్ల మనవలు అప్పుడప్పుడూ తిరుపతి వచ్చి వెతుకుతుంటారు. నిజానికి వాళ్ల పని మనకంటే తేలిక. నాటాల్‌కు 1860 నుంచి 1911 దాకా ఓడలెక్కిన వాళ్ల జాబితాల్లో పేరు, తండ్రి పేరు, వయసు, కులం, జిల్లా, తాలూకా, ఊరు రాసి ఉన్నాయి. "నార్త్ ఆర్కాట్, చంద్రగిరి" అని ఉంటే అది ఇప్పటి మన తిరుపతి చుట్టుపక్కలే. ఊరి పేరు ఇంగ్లీషులో వంకరటింకరగా ఉంటుంది కాబట్టి గట్టిగా పైకి చదివి, ఆ తాలూకా ఊళ్ల పేర్లతో పోల్చండి. మీ ఇంట్లో "ఎవరో ఒకాయన ఓడెక్కి పోయాడంట" అనే కథ ఉంటే మీరూ ఆ జాబితాలు చూడాలి.

జేజినాయన సంగతి

దొరకలేదు. 1908 నుంచి 1911 దాకా రెండు ఊళ్లకూ వెతికించాను. ఒక ఊరికి 1919కి ముందు పుస్తకమే లేదు, ఇంకో ఊరి పుస్తకాల్లో ఆ తండ్రి పేరు రాలేదు. నాన్ అవైలబిలిటీ సర్టిఫికెట్ తీసుకుని దాన్నే మా తమ్ముడికి వాట్సాప్‌లో పెట్టాను. "ఇదేంది అన్నా, లేదు అని రాసిన కాగితం పంపినావు" అన్నాడు. ఏ ఊరు, ఏ ఏళ్లు వెతికారో ముద్రతో సహా అందులో ఉంది, కాబట్టి ఈసారి వాడు సెలవులకు వచ్చినప్పుడు 1912 నుంచి మొదలుపెట్టుకోవచ్చు. మా నాన్న అన్న నమోదు నకలు కూడా పంపాను, పేరు పక్కన రెండు తేదీలతో.